పౌడర్ పూసిన గొర్రెపిల్ల

మంగయ్య నోట్లోంచి ఒక నిజం బయటికి రావాలంటే, ముందు రెండు అబద్ధాలు వచ్చి దారి ఊడ్చి నీళ్లు చల్లాలని రేణుకమ్మ అంటుంది. యాభై ఏళ్లు కాపురం చేసిన మనిషి మాట కనుక ఊళ్లో ఎవరూ కాదనలేదు. మంగయ్యా కాదనలేదు. “రెండేనా?” అని మాత్రం అడిగాడు.

వేములపల్లికి అవతల, సాగర్ కాలువ పక్కనున్న ఆ ఊళ్లో మంగయ్యకు నలభై గొర్రెలున్నాయి. మోకాళ్లు మొరాయించినప్పటి నుంచి మందను తమ్ముడు లింగన్న మేపుతున్నాడు. మంగయ్యకు రెండు పనులు మిగిలాయి. మంద మేతకు పోయినప్పుడు ఇంటి దగ్గర గంపల కింద ఉండే పాలుతాగే పిల్లలను కనిపెట్టుకోవడం ఒకటి. నాలుగేళ్ల మనవరాలు నిహారికను అంగన్‌వాడీలో దిగబెట్టి మళ్లీ తీసుకురావడం రెండోది. కొడుకు సుధాకర్ లారీ ఎక్కితే వారానికి గాని దిగడు. కోడలు నవనీత పొద్దున్నే ఆటోలో మిర్యాలగూడ పోయి, రైస్‌మిల్లులో పనిచేసి, దీపాలు పెట్టేవేళకు వస్తుంది.

ఆ అంగన్‌వాడీ టీచర్ స్రవంతి పుట్టిల్లు కోదాడ. ఈ ఊరికి కోడలిగా వచ్చి మూడేళ్లయినా మాటలో కోదాడ పోలేదు.

“తాతగారూ, రేపు పిల్లలకి జ్ఞానేంద్రియాలు చెప్పాలి” అంది ఓ సాయంత్రం. “కన్ను, చెవి, ముక్కు, నాలుక, చర్మం. చార్టులో బొమ్మలు చూపిస్తే చూస్తున్నారు, ఇటు తిరిగి మర్చిపోతున్నారు. చేత్తో ముట్టుకోడానికి ప్రాణమున్నదేదైనా ఉంటే బాగుంటుంది. ఒక గొర్రెపిల్లని తీసుకొస్తారా?”

“తాతగారూ అనకమ్మా. నాకు ఎనుకకు తిరిగి సూడబుద్ధయితది, ఇంకెవలన్న వచ్చిన్రేమో అని.”

“సరే, తాతా. తెస్తారా?”

“తెస్త. మా గొర్లల్ల సదువుకున్నది ఒక్కటి లేదు. ఆ ముచ్చట గూడ తీరుతది.”

మర్నాడు పొద్దున బొల్లి పిల్లను గంపలో పెట్టుకుని బయల్దేరాడు. బొల్లి అంటే నుదుటి మీద తెల్లమచ్చ ఉన్న గొర్రె. అది ఈనడం ఇదే మొదటిసారి. పిల్ల పుట్టి ఐదు రోజులైంది. తల్లి పొద్దున పాలిచ్చి మందతో పోయిందంటే మళ్లీ సాయంత్రమే వస్తుంది. పగలంతా పిల్ల ఇంటి దగ్గరున్నా, బడిలో ఉన్నా దానికి తేడా ఏముందిలే అనుకున్నాడు.

స్రవంతి ఆ రోజు చార్టును గోడకే వదిలేసింది. బెల్లం ముక్క, ఉప్పురాయి, నిమ్మబద్ద, వేపాకు పళ్లెంలో పెట్టి నాలుకల మీద వేయించింది. వేపాకు నమిలిన వినయ్ అనే పిల్లవాడు మూడు దిక్కులకు మూడుసార్లు ఉమ్మి, నాలుగో దిక్కున టీచర్ ఉందని ఆగాడు. ఆ తర్వాత ఒక్కొక్కరి కళ్లకు గుడ్డ కట్టి, గొర్రెపిల్ల మీద చేయి పెట్టించింది.

“ఏముంది చెప్పు?”

“మెత్తగున్నది. ఎచ్చగున్నది” అన్నాడు వినయ్. ఇంకాసేపు తడిమి, “లోపల ఏందో కొట్టుకుంటున్నది టీచర్” అన్నాడు.

పదహారు మంది పిల్లలూ తమ వంతు అయ్యాక కూడా మళ్లీ వరుసలోకి వచ్చారు. ఎవరు ముట్టినా నిహారిక పక్కనే నిలబడి, “మెల్లగ. అది మాది” అని చెప్తూ ఉంది.

ముక్కు దగ్గరికి వచ్చేసరికి స్రవంతి, “ముక్కు గురించి తాత చెప్తారు” అని ఆయనకు ఒక సందు ఇచ్చింది. చేను గట్టున ఆకలితో నిలబడ్డ గొర్రెకు కంచె తీసిచ్చినట్టయింది.

“మా తాత మల్సూర్ అని ఉండె” అని మొదలుపెట్టాడు మంగయ్య. “ఆయన ముక్కు ఎంతుండెనో ఎరుకేనా? ఎండకాలం పొద్దుమీదికొస్తే ఆ ముక్కు నీడకు మూడు గొర్లు పండుకుంటుండె.”

“మరి వాన పడితె?” అంది ఒక పిల్ల.

“వాన పడితె రెండే. తడుస్తయ్ గద.”

పిల్లలు ఈ లెక్కను ఒప్పుకున్నారు.

“గాలి ఇటు తిరిగిందంటె మా తాత గీడ కూసొని మిర్యాలగూడ మిల్లులల్ల ఏ మిల్లుల ఏ వడ్లు ఉడుకుతున్నయో చెప్పేది. ఒకసారి జలుబు చేసి తుమ్మిండు. స్టేషన్ల ఆగిన రైలు పచ్చజెండా ఊపక ముందే కదిలిపోయింది. టికెట్ కొన్నోళ్లందరు ప్లాట్‌ఫారం మీదనే ఉండిపోయిన్రు.”

స్రవంతి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. పాఠం బాగా నడిచింది. ఇంత బాగా నడిచిన పాఠం మీద ఒక టీ తాగకపోతే తప్పని మంగయ్యకు అనిపించింది. పిల్లను గంపలో మూసి, నిహారికను కాపలా పెట్టి, మూలమీది హోటల్‌కు పోయాడు. అక్కడ తన గొర్రెపిల్ల బడికి పోయిన వైనం చెప్పడానికి ఒక టీ సరిపోలేదు. రెండు పట్టాయి.

ఆ రెండు టీల మధ్యనే జరిగింది.

ఆయా వంటింట్లో గుడ్లు ఒలుస్తోంది. స్రవంతి ఫోన్ పట్టుకుని, సిగ్నల్ కోసం వాకిట్లో అటూ ఇటూ తిరుగుతూ, పిల్లల హాజరు ఫొటోలు ఎక్కిస్తోంది. గంపలో పిల్ల ఉచ్చ పోసుకుని తడిసింది. తడిసిన పిల్లకు ఏం చేయాలో నిహారికకు తెలుసు. పోయిన వారమే పరిశుభ్రత పాఠం చెప్పారు. ఆ పాఠం కోసం తెచ్చిన సబ్బు, దువ్వెన, అద్దం, పౌడర్ డబ్బా కింది అరలోనే ఉన్నాయి. అమ్మ పొద్దున్నే తనకేం చేస్తుందో అదంతా వరుస తప్పకుండా చేసింది. నల్లా కింద నీళ్లు పోసి సబ్బు రుద్దింది. వినయ్ చొక్కాతో తుడిచింది. డబ్బాలో సగం పౌడర్ ఒళ్లంతా పట్టించింది. తన బుగ్గ మీది కాటుక చుక్కను వేలితో తీసి దాని నుదుటికి అంటించింది.

మంగయ్య గడపలో అడుగుపెట్టి, తెల్లగా మెరిసిపోతున్న ఆ పిల్లను చూసి పకపకా నవ్వాడు. “ఓరి నీ... పెండ్లికొడుకయినవ్ గదరా!” అన్నాడు. వంగి ఎత్తుకున్నాడు. మల్లెపూల పౌడర్ వాసన గుప్పుమంది. నవ్వు సగంలో తెగిపోయింది.

యాభై ఏళ్లు గొర్రెల వెంట తిరిగిన మనిషికి ఎవరూ చెప్పక్కర్లేదు. తల్లి గొర్రె దూరం నుంచి పిల్ల గొంతు విని వస్తుంది. దగ్గరికి వచ్చాక ముక్కుతోనే తేల్చుకుంటుంది. ఈనిన ఘడియలో నాకి నాకి పట్టించుకున్న వాసన ఒక్కటే దానికి ఆధారం. ఆ వాసన లేకుంటే కన్నపిల్లనైనా పరాయిదని కుమ్మి పారేస్తుంది. రెండు మూడు ఈతలు ఈనిన గొర్రెనైతే బుజ్జగించవచ్చు. తొలిచూలుది మహా మొండి. ఒకపూట పాలివ్వకుంటే దాని పొదుగు గట్టిపడుతుంది, రెండో పూటకు మనసు కూడా గట్టిపడుతుంది. ఆపైన సీసాపాలే. సీసాపాలతో నిలబడ్డ పిల్లలను మంగయ్య ఒక చేతి వేళ్ల మీద లెక్కపెట్టగలడు. నిలబడని వాటికి రెండు చేతులూ చాలవు.

“తాతా, తానం పోసిన” అంది నిహారిక. “వాళ్లమ్మ సూస్తె ఖుషీ అయితది గద?”

“అయితది బిడ్డా” అన్నాడు మంగయ్య.

చెప్పినందుకు సరదా కలగని అబద్ధం ఆయన జీవితంలో అది మొదటిది.

వాళ్లు ఇంట్లో అడుగుపెట్టకముందే రేణుకమ్మ ముక్కు ఎగబీల్చింది. “ఎవల పెండ్లికి పోయొచ్చినవయ్యా?”

ఆయన గంప దించి మూత తీశాడు. ఆమె పిల్లను చూసింది, పక్కన మెరిసే కళ్లతో నిలబడ్డ మనవరాలిని చూసింది. నిహారికను కొట్టంలో గడ్డి తెమ్మని పంపి, గొంతు తగ్గించింది.

“బడిల ఏం చెప్పినవ్?”

“ముక్కు గురించి.”

“ఎవని ముక్కు?”

“మా తాత ముక్కు.”

“ఆ ముసలాయన సచ్చి అరవై ఏండ్లాయె, ఆ ముక్కు ఇంక పెరుగుతనే ఉన్నది. గొర్రె ముక్కు సంగతి ఒక్క ముక్క చెప్పినవా?”

 ఆమె వేన్నీళ్లలో గుడ్డ ముంచి పిల్లను తుడిచింది. తడి తగిలిన కొద్దీ సబ్బు వాసన ఇంకా లేచింది. మళ్లీ తానం చేయించాలంటే చలికాలం, ఐదు రోజుల పిల్ల, వణికి చచ్చిపోతుంది. మంద వాసన పట్టిన పాత గొంగడిలో చుట్టి ఎండలో కూర్చోబెట్టారు. పొద్దు వాలేదాకా ఆ గొంగడి తన పని తాను చేసింది గాని, సగం డబ్బా పౌడర్ ముందు ఎంతని చేస్తుంది?

“మంద వచ్చే యాళ్లకు పొల్లను అటు పక్కింటికి తోలు. టీవీ సూస్తది” అంది రేణుకమ్మ.

తోలితే పోయేదైతే నిహారిక కాదు. మూడు గంటల నుంచి దొడ్డి తడిక దగ్గర గొంతుక్కూర్చుంది. బొల్లి సంతోషం చూడాలి దానికి.

కోతలైపోయిన పొలాల మీద పొద్దు ఎర్రబడింది. మేతకు పోయిన మంద దుమ్ము లేపుకుంటూ వచ్చింది. వెనుక లింగన్న నాలుక మడిచి చేసే “హుర్ర్” వినిపించింది. తడిక తీసి తల్లులను దొడ్డిలోకి వదిలారు. మంగయ్య గంపలెత్తి పిల్లలను విడిచాడు. రోజూ జరిగేదే అయినా కొత్తవాళ్లకు అది సంత లాగా ఉంటుంది. తల్లులు అరుస్తాయి, పిల్లలు అరుస్తాయి, అన్నీ ఒకదాని మీద ఒకటి పడి ఉరుకుతాయి. లెక్క మాత్రం తప్పదు. చూస్తుండగానే పిల్లలన్నీ దేని తల్లి కిందికి అది చేరి, తోకలాడిస్తూ పొదుగులు పొడుస్తాయి.

బొల్లి అరిచింది. దాని పిల్ల బదులు పలికింది. తల్లి చెవులు నిక్కించి పరిగెత్తుకొచ్చింది.

“అగో వచ్చింది” అంది నిహారిక, లేచి నిలబడి.

బొల్లి పిల్ల తోక కింద ముక్కు పెట్టింది. పెట్టిన ముక్కు చటుక్కున వెనక్కి తీసుకుంది. మళ్లీ చూసింది. రెండడుగులు వెనక్కి వేసి, తల వంచి, ఒక్కటి ఇచ్చింది. పిల్ల బొర్లాపడింది. లేచి మళ్లీ పొదుగు దగ్గరికి పోయింది. మళ్లీ పడింది. అన్నిటికన్నా అన్యాయం అది కాదు. ఆ పిల్ల ఎదురుగానే ఉండగా, బొల్లి దాన్ని దాటుకుని దొడ్డంతా తిరుగుతూ, తన పిల్ల కోసం అరుస్తోంది.

“తాతా, ఎందుకు కుమ్ముతున్నది?”

“మబ్బయింది గద బిడ్డా. బొల్లికి పొద్దుమాసింది, కండ్లు కనవడ్తలేవు” అన్నాడు మంగయ్య. నోరు దాని దారిన అది పోయింది. “మా తాత కాలంల గిట్లనే ఒక గొర్రెకు పొద్దుమాసి, తోడేలును దగ్గరికి తీసి పాలిచ్చింది. ఆ తోడేలు ఇగ ఇల్లు ఇడిచి పోకపాయె...”

రోజూ అయితే ఈపాటికి నిహారిక కిందపడి నవ్వేది. ఇప్పుడు నవ్వలేదు. ఎడమచేతి వేళ్లు చాపి, టీచర్ చెప్పినట్టు ఒక్కొక్కటే ముడిచింది.

“కండ్లు కాదు తాతా. అది నా దిక్కు సూసింది.” ఒక వేలు మడిచింది. “చెవులు గూడ కాదు. పిలిస్తె ఇని ఉరికొచ్చింది.” ఇంకో వేలు. మూడో వేలు దగ్గర ఆగింది. తడిక సందులోంచి లోపలికి దూరి, గొర్రెపిల్ల మెడ చుట్టూ చేతులేసి, వీపు మీద ముక్కు ఆనించి గట్టిగా పీల్చింది.

“ఇది నా లెక్క వాసనొస్తున్నది” అంది.

రెండో కథ మంగయ్య నాలుక మీదికి వచ్చింది. నక్క ఉన్న కథ, మంచి కథ. పక్కన రేణుకమ్మ ఆయన ముఖం వంక చూస్తూ ఉంది. మనవరాలు కూడా చూస్తూ ఉంది. నక్క వచ్చిన దారినే వెనక్కి పోయింది.

“అవును బిడ్డా. పౌడర్ వాసన. వాళ్లమ్మ గుర్తుపడ్తలేదు.”

“నేనే పూసిన.”

“నువ్వే పూసినవ్. మంచిగుండాలె అనే పూసినవ్. గొర్రెకు పిల్లను గుర్తువట్టేది ముక్కుతోటి అని నీకు చెప్పాల్సినోణ్ని నేను. చెప్పలే. లేని ముక్కు గురించి పొద్దంత చెప్పి, ఉన్న ముక్కు గురించి మరిసిపోయిన.”

నిహారిక గొర్రెపిల్ల మెడను వదల్లేదు. “ఇగ వాళ్లమ్మ రాదా?”

“తెల్వదు” అన్నాడు మంగయ్య.

లింగన్న తల తిప్పి అన్నను చూశాడు. ఆ మాట అన్న నోట వినడం అతనికీ కొత్తే.

“తెల్వదు గని, సూద్దాం. నీ చేతులు పట్టు.”

బొల్లిని గోడకు చేర్చి, దాని డొక్కకు మోకాలు ఆనించి, నొప్పిని పళ్ల కింద అదిమిపెట్టి వంగాడు. పాలు పిండి నిహారిక దోసిట్లో పోశాడు. వెచ్చటి పాలు వేళ్ల సందుల్లోంచి కారిపోతుంటే, “దాని మీద రాయి. తల మీద. వీపు మీద. తోక కింద ఎక్కువ రాయి, తల్లి ముందు ఆడనే సూస్తది” అన్నాడు. ఇంకో రోజైతే ఛీ అని పారిపోయేది. ఇవాళ రాసింది. చాలకపోతే మళ్లీ దోసిలి పట్టింది. రేణుకమ్మ గొర్రెల పెంటికలు, వాటి ఉచ్చతో తడిసిన మట్టి ఇన్ని తెచ్చి పిల్ల మీద పులిమింది. మంద వాసన పట్టిన గొంగడిని మళ్లీ చుట్టింది. ఈ పనంతా అయ్యేసరికి నిహారిక గౌను రంగేమిటో చెప్పడం కష్టమైంది.

విడిచారు. బొల్లి మూతి పెట్టింది. కుమ్మింది.

మళ్లీ పాలు రాశారు. ఈసారి మూతి కొంచెంసేపు ఆగింది. కుమ్మింది గాని, పిల్ల పడలేదు.

మూడోసారి మంగయ్య గొర్రె తలను చంకలో ఇరికించుకున్నాడు. రేణుకమ్మ పిల్ల నోటిని చన్నుకు అందించింది. బొల్లి కాళ్లు ఝాడించింది. పిల్ల వదల్లేదు. పొద్దంతా ఆకలితో ఉన్న ప్రాణం, ఎట్లా వదులుతుంది? గుటకలు పడుతున్న చప్పుడు విని నిహారిక ఇంకా దగ్గరికి జరిగింది. కాసేపటికి పిల్ల పొట్ట గుండ్రమై, నిలబడ్డ చోటే పసుపచ్చగా ఇంత విసర్జించింది.

“ఇగో, గిదే కావాలె. లోపలికి పోయింది వాళ్లమ్మ పాలు. బయటికొచ్చేది గూడ వాళ్లమ్మ వాసనే” అన్నాడు మంగయ్య. మెల్లగా పట్టు వదిలాడు. చేయి మాత్రం దాని మెడ దగ్గరే ఉంచాడు.

బొల్లి తిరిగింది. తోక కింద మూతి పెట్టి చాలాసేపు చూసింది. ఎవరూ కదల్లేదు. అప్పుడు దాని గొంతులోంచి, మూసిన నోటిలోంచి, సన్నటి గురగుర ఒకటి వచ్చింది. తల్లి గొర్రె ఆ చప్పుడు తన పిల్ల దగ్గర తప్ప ఇంకెక్కడా చేయదు. అది నాలుక బయటపెట్టి పిల్లను ఒక్కసారి నాకింది.

మంగయ్య గోడకు చేరబడి కిందికి జారి కూర్చున్నాడు.

అదేవేళకు ఆటో ఆగిన చప్పుడైంది. తలకు కట్టుకున్న గుడ్డ నుంచి కాళ్ల దాకా తౌడు దుమ్ముతో నవనీత వాకిట్లోకి వచ్చింది. రోజూ ఆ చప్పుడుకు ఎదురు ఉరికే నిహారిక, ఇవాళ నీళ్ల డ్రమ్ము వెనక్కి పోయి నక్కింది.

“నిహా, యాడున్నవే?”

“ఈడున్న” అంది. రాలేదు.

“రావేంది మరి?”

నిహారిక డ్రమ్ము వెనుక ఇంకా ముడుచుకుంది.

“ఏమైందత్తా?” అంది నవనీత. రేణుకమ్మ నోరు తెరవబోయింది. మంగయ్య చేత్తో ఆపమని సైగ చేశాడు. కోడలు డ్రమ్ము దగ్గరికి పోతుంటే లోపలి నుంచి మాట వచ్చింది.

“నువ్వు దగ్గరికి రాకు. నేను గొర్రె వాసనొస్తున్న.”

“వస్తె?”

“నువ్వు గుర్తుపట్టవ్.”

నవనీతకు ముందు వెనుక ఏమీ తెలియదు. పొద్దంతా బస్తాల మధ్య నిలబడ్డ నడుము విరిగిపోతోంది. అయినా డ్రమ్ము పక్కన కూలబడి, చేయి పెట్టి లాగి, దాన్ని ఒళ్లో వేసుకుంది. నెత్తి మీద ముక్కు పెట్టింది.

“థూ. పాలు, పెంటికలు, మీ తాత గొంగడి. ఇంక ఏమేం ఉన్నయే నీ మీద?” అంది. అన్నది గాని చేతులు వదులు కాలేదు. ముక్కూ తీయలేదు. “ఆ, ఈడ చెవి ఎనుక కొంచెం నువ్వున్నవ్” అంది.

నిహారిక తల్లి మెడలో ముక్కు దూర్చింది. “నువ్వు తౌడు వాసనొస్తున్నవ్.”

“రోజూ గదే గదనే.”

“ఆ. నాకు ఎరుకే.”

కాసేపటికి నవనీత లేచి, “పా, తానం పోస్త” అంది. నిహారిక బిగుసుకుపోయింది. సబ్బు వద్దంటే వద్దంది. మంగయ్య దొడ్డిలోంచే అన్నాడు, “ఒక్కరోజు సబ్బు లేకుంట పొయ్యి బిడ్డా. ఏం కాదు.”

నవనీత అత్త వంక చూసింది. మామ మాట మీద ఆ ఇంట్లో అత్త ముద్ర పడాల్సిందే.

“ఇయ్యాల ఇనొచ్చు. అక్కెరకొచ్చే మాటలే మాట్లాడుతున్నడు. ఒంట్ల బాగలేనట్టున్నది” అంది రేణుకమ్మ.

మంగయ్య మనసు రేపటి మీదికి పోయింది. రేపు అంగన్‌వాడీకి మళ్లీ పోవాలి. పిల్లను తీసుకుపోడు. బొల్లి సంగతి చెప్తాడు, ఉన్నది ఉన్నట్టు చెప్తాడు. కథ మధ్యలో పిల్లలు అడుగుతారు, మల్సూర్ తాత ముక్కు ఏమైంది అని. దానికి జలుబు చేసిందని చెప్పాలనుకున్నాడు. అంత మాత్రం ఉండాలి.

దొడ్డి మూల బొల్లి పిల్లను నాకుతూ నాకుతూ నుదుటి దగ్గరికి వచ్చింది. అక్కడ మడతలో ఇంకా కాస్త పౌడర్ మిగిలిపోయినట్టుంది. ఆగి, ముక్కు విదిలించి, ఒకసారి గట్టిగా తుమ్మింది.

మళ్లీ నాకడం మొదలుపెట్టింది.